ఉరుకుందమ్మ దిబ్బ బండెక్కిన రోజు

2022 వేసవి. అప్పట్లో ఎమ్మిగనూరులో, మగ్గాల చప్పుడు గోడ దాటి వినిపించే ఒక గదిలో అద్దెకుండేవాణ్ని. ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే కాస్త నసిగేవాణ్ని. పేడదిబ్బల నుంచి ఎంత గాలి పైకి పోతుందో కొలవడం నా పని. మా అమ్మ బంధువులతో "వాతావరణ శాఖలాంటిదే" అని చెప్పేది. నేను మాత్రం, నా చదువు పెంటపాలు కాలేదు, పెంటే చదువుపాలైంది అని సర్దిచెప్పుకునేవాణ్ని.

పేడ కుళ్ళేటప్పుడు మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువులు పుడతాయి. అవి ఆకాశంలో చేరి, భూమి వేడిని బయటికి పోనివ్వకుండా కంబళిలా కప్పుతాయి. గ్రీన్‌హౌస్ వాయువులంటే ఇలాంటివే. దేశంలోని పశువుల పేడంతా కలిసి ఎంత వదులుతోందో లెక్క తేలాలంటే, అక్కడక్కడ కొన్ని దిబ్బల దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ ఎవరో ఒకణ్ని నేను. దిబ్బ మీద ఛాంబర్ బోర్లిస్తాం. పేరే గొప్ప, చూడ్డానికి అడుగు లేని ప్లాస్టిక్ డబ్బా. లోపల గాలి పోగయ్యాక, పైనున్న రబ్బరు మూతలోంచి సిరంజితో తీసి చిన్న గాజు సీసాలో నింపితే, అది ఆదోని మీదుగా ల్యాబుకు పోతుంది.

డబ్బా పెట్టాక చివరి సిరంజి దాకా అరగంట ఏ పనీ ఉండదు. చలికాలం పొద్దున్నే దిబ్బ మీంచి సన్నగా ఆవిరి లేచేది. ఎండ దాన్ని తాకితే బంగారు నూలు ఎవరో వడుకుతున్నట్టుండేది. దిబ్బ నిద్రలో ఊపిరి వదులుతోందనిపించేది. పక్కన గోడకానుకుని నేనూ అదే పని చేసేవాణ్ని.

కోసిగి వైపు ఒక పల్లెలో ఉరుకుందమ్మ దిబ్బ నాకు అప్పగించిన వాటిలో ఒకటి. భర్త బెంగుళూరులో కట్టడం పనికి పోతే, ఆమె రెండు బర్రెలతో, ఒక ఆవుతో, వానను నమ్ముకున్న చిన్న చేనుతో ఊళ్ళోనే ఉండిపోయింది. మొదటిసారి డబ్బా బోర్లించినప్పుడే చెప్పాను, ఏడాది రీడింగులు పూర్తయ్యేదాకా దిబ్బను కదపొద్దని.

"సరేలే సారూ, దాన్నెవురు ఎత్తుకపోతారు" అంది.

మే నెలలో ఒక ఉదయం వెళ్ళేసరికి దిబ్బ ముందు మూడు ఎద్దులబండ్లు ఆగి ఉన్నాయి. దిబ్బకు పసుపూ కుంకుమా పెట్టి టెంకాయ కొట్టారు. నా డబ్బాకు కూడా బొట్టు పెట్టారు.

"ఏమ్మా ఇది? కదపొద్దన్నాను కదా."

"ఇన్నాళ్లూ ముట్టలేదు కదప్పా. ఇప్పుడు తోలేకి బండ్లొచ్చినాయి. వానొచ్చినంక తోల్తారా యాడన్నా?"

ఆ ఊళ్ళో తొలకరి వచ్చాక దిబ్బను ఇంటి దగ్గర ఉంచుకునేవాళ్ళు లేరు. నా మాట ఎరువు చేనికి తోలే రోజుకు కూడా వర్తిస్తుందని ఆమెకు తట్టలేదు. తోలే రోజొకటి ఉంటుందని మా కాగితాలు రాసినవాళ్ళకూ తట్టలేదు.

బండ్లు ఆమెవి కావు. అక్కడ ముయ్యి అనే పద్ధతి ఉంది. నీ పనికి నేనొస్తాను, నా పనికి నువ్వు రా. ఉరుకుందమ్మ పత్తి కాలమంతా ఆ బండ్లవాళ్ళ చేలల్లో పత్తి తీసింది. ఆ ముయ్యి ఈ రోజు తీరుతోంది. రేపటి నుంచి బండ్లు వేరే ఇళ్ళకు పోతాయి. ఇవాళ తప్పితే ఆమె ఎరువు లేని చేలో విత్తనం వేసుకోవాలి.

ఆదోనిలోని మా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. "దిబ్బ కదిలితే ఆ పాయింట్ కొట్టేసి డిఫాల్ట్ వేస్తాం. కొన్నాళ్ళు ఆపమను" అన్నాడు. డిఫాల్ట్ అంటే, కొలత దొరకని చోట రాసుకునే ఎక్కడెక్కడి దిబ్బలదో సగటు.

ఆ మాట చెబితే, ముందు బండి తోలే బసన్న నవ్వాడు. "మబ్బుకు గూడా ఫోన్ సేసి సెప్పు సారూ, కొన్నాళ్ళు ఆగమని."

ఉరుకుందమ్మ నవ్వలేదు. "నువ్వు వద్దంటే తోలను సారూ. మాటిచ్చినా కదా. సేను మాత్రం నోరు తెరుసుకోని ఉండాది."

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. తర్వాత బొట్టుతో సహా డబ్బాను తీసి చంకన పెట్టుకున్నాను.

"తోలండి. నేనూ వస్తాను."

"నువ్వు యాడికప్పా?"

"దిబ్బ ఎక్కడికి పోతే అక్కడికి."

"రా సారూ, ఎరువు మీద కూసో" అన్నాడు బసన్న. "మెత్తగుంటాది. టికెట్టు ల్యాదు."

ఆ ప్రయాణం ఇప్పటికీ కలలో జరిగినట్టే ఉంటుంది. కింద ఎరువు వెచ్చగా ఉంది, బండి ఉయ్యాలలా ఊగుతోంది. దారి పక్క తుమ్మముళ్ళకు చిక్కుకున్న పత్తి పింజలు గాలికి వణుకుతున్నాయి. మనిషి నిద్రపోకుండా ఉండటానికి ఒక్క కారణమూ కనిపించలేదు. డబ్బా మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

చేలో ఎరువును బారులుగా చిన్న చిన్న కుప్పలు పోశారు. దూరం నుంచి మంద పడుకున్నట్టుంది. చివరి బండి ఖాళీ అయ్యేసరికి కర్ణాటక వైపు మబ్బు లేచింది. వాన కుప్పల మీద పడితే సారమంతా వాగుపాలవుతుంది. అందరూ పారలతో చల్లడం మొదలుపెట్టారు. నేను ఒక కుప్ప మీద డబ్బా బోర్లించి, మొదటి సీసా నింపుకుని, నేనూ ఒక పార తీసుకున్నాను. నా చల్లుడు చూసి ఉరుకుందమ్మ వెనకే వచ్చి మళ్ళీ చల్లింది.

చివరికి డబ్బా కింది కుప్ప ఒక్కటే మిగిలింది.

"అయిందా సారూ?"

"ఇంకొంచెం సేపమ్మా."

ఆమె మబ్బును చూసింది, నన్ను చూసింది, గట్టు మీద కూర్చుంది. "కానీలే. నీ గాలి నువ్వు పట్టుకో. మా గాలి మొగం మీదికే వస్తాండాది."

సిరంజి లాగుతుండగా తొలి చినుకు చేతి మీద పడింది. డబ్బా ఎత్తాను. ఆ కుప్పను ఇద్దరం కలిసి చల్లాం. తర్వాత వాన చేనంతా నింపాదిగా తడిపింది. ఎరువు మట్టిలోకి నల్లగా దిగిపోతుంటే ఉరుకుందమ్మ కొంగు తలకు చుట్టుకుని చూస్తూ నిలబడింది. పదును ఆరకముందే విత్తనం వేసుకుందని బసన్న తర్వాత చెప్పాడు.

ల్యాబు ఫలితం వచ్చింది. పలచగా పోసిన ఆ పొడి ఎరువులోంచి మీథేన్ దాదాపు రాలేదు. గాలి ఆడే చోట అది పుట్టడం కష్టం. సూపర్‌వైజర్ గొణిగాడు గానీ, డిఫాల్ట్ వేయలేదు. ఆ రీడింగుల కోసం మా పట్టికలో 'చేను' అని ఒక కొత్త గడి చేర్చాడు.

దిబ్బ ఒక చోట పడి ఉండే వస్తువనుకుని కొలవడం మొదలుపెట్టినవాణ్ని నేను. అది కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఆగి, చేనికి పోయేదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు కొత్త ఊళ్ళో దిగితే పశువులెన్నని తర్వాత అడుగుతాను. ముందు అడిగేది, దిబ్బ ఎప్పుడు తోల్తారని.