పులుపావిడ జాడీ

ఇనుప కడ్డీ మొదటి జాడీ మీద పడేసరికి పులుపావిడ పొయ్యి దగ్గర ఉంది. మిల్లు క్యాంటీన్లో అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. క్యాబేజీ, క్యారెట్ తరిగి, ఉప్పు కలిపి, జాడీల్లో అదిమి, పైన బరువు రాయి పెట్టి పులియబెట్టడం ఇరవై ఏళ్ళుగా ఆమె పని. కొత్త జాడీ పెట్టినప్పుడల్లా పాత జాడీ నీళ్ళు గరిటెడు తోడు వేసేది. ఆ తోడు అత్తగారి జాడీలోది.

ఆ వారం మిల్లులో వాంతులు, విరేచనాలు పాకాయి. ముగ్గురు పోయారు. అందులో నూలు విభాగం మేస్త్రీ భార్య ఒకరు. "కుళ్ళబెట్టిన కూర పెట్టి చంపింది" అని ఎవరో అన్నారు. నిప్పు తొక్కిన కోతుల్లా ఇరవై మంది మేస్త్రీ వెంట లోపలికి దూకారు.

"అన్నా, ఆగన్నా! నేనూ అదే తింటున్నా!"

"నా పెళ్ళాం పోయింది, నువ్వు గుండ్రాయిలా ఉన్నావే!"

మేస్త్రీ కడ్డీ ఆమె కుడిచేతి మీద పడింది. ఎముకలు పటపటమన్నాయి. కిందపడితే డొక్కలో తన్నారు. పెంకుల మధ్య ఉప్పునీళ్ళు, నెత్తురు కలిసి పారాయి. ఒకడు అత్తగారి జాడీ మీదికి కడ్డీ ఎత్తాడు. ఆమె ఎడమచేత్తో బరువు రాయి అందుకుని వాడి మోకాలి చిప్ప మీద వేసింది. వాడు కుప్పకూలాడు. ఆ జాడీని పొట్టకు అదుముకుని ముడుచుకుపోయింది. పోలీసులు వచ్చేదాకా వీపు మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి.

ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. ల్యాబ్ డాక్టరమ్మ ఆ జాడీలో నీళ్ళూ, మిల్లు తాగునీళ్ళూ పరీక్ష చేసింది. మురుగు గొట్టం పగిలి తాగునీటి తొట్టిలో కలిసిందట. జాడీలో రోగక్రిములు లేవు.

"మరి నేనూ ఆ నీళ్ళే తాగాను కదమ్మా, నాకేం కాలేదెందుకు?"

"అదృష్టం కావచ్చు. మీ పులుపులో మేలు చేసే బ్యాక్టీరియా కోట్లలో ఉంది. పేగుల్లో మన ఒంటిని కాచే కణాలుంటాయి. ఎవరిని కొట్టాలో, ఎవరిని వదలాలో వాటికి ఈ బ్యాక్టీరియా నేర్పుతుందని అనుకుంటున్నాం. ఎలుకల్లో చూశాం. మనుషుల్లో ఇంకా తేలలేదు."

ఆమె నవ్వబోతే పెదవి కుట్లు లాగాయి. "అయితే మా మేస్త్రీకి ముందే ఓ గిన్నెడు పెట్టాల్సింది."

నెల తర్వాత బెయిలు మీద బయటికొచ్చిన మేస్త్రీ ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. "తప్పైపోయింది చెల్లీ."

ఎడమచేత్తో చెంప పగలగొట్టింది. అతను కదల్లేదు. మళ్ళీ కొట్టింది. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. అరచెయ్యి మండి ఆగిపోయింది.

"చెల్లీ గిల్లీ అన్నావంటే ఊరుకోను. నా వేళ్ళు నువ్వు తీశావు. రేపట్నించి తరగడానికి రా. కేసు మాత్రం వెనక్కి తీసుకోను."

వచ్చాడు. ఎనిమిది నెలలు రోజూ తరిగాడు. "సన్నగా", "ఉప్పు" అనడం తప్ప ఆమె అతనితో మాట్లాడలేదు. తర్వాత కోర్టులో బోనెక్కి, పడ్డ దెబ్బల్లో ఒక్కటీ దాచకుండా చెప్పింది. అతనికి మూడేళ్ళ శిక్ష పడింది.