మూడో స్క్రూ

నా చిన్నప్పుడు మా నాయినకు ఒక మోటార్ సైకిల్ ఉండేది. దాన్ని నడిపిన సమయం కన్నా విప్పి కూర్చున్న సమయమే ఎక్కువ. గోడ గడియారమైనా, బావి మోటారైనా, సరిగ్గా నడుస్తున్న వస్తువును చూస్తే ఆయన చేయి ఊరుకునేది కాదు. బండి కార్బురేటర్‌కు రెండు స్క్రూలుండేవి. ఒకటి పెట్రోల్లో కలిసే గాలి పాళ్లను, రెండోది బండి నిలిచి ఉన్నప్పటి ఇంజన్ వేగాన్ని నిర్ణయిస్తుంది. నాయిన రెండింటినీ ఒకేసారి తిప్పేవాడు. ఎంత తిప్పాడో లెక్క పెట్టుకునేవాడు కాదు. ఒక్కోదాన్నే లెక్కపెట్టి తిప్పాలని పన్నెండేళ్ల నాకు అర్థమైన సంగతి ఆయనకు అర్థం కాలేదు. ఇంజన్ తుపాకీ పేలినట్టు మోగి ఆగిపోయేది. అవి నక్సలైట్ల రోజులు. ఆ చప్పుడుకు మా వీధి తలుపులన్నీ మూసుకునేవి.

ఏడో తరగతి పబ్లిక్ పరీక్షకు నాకు కోరుట్లలో సెంటర్ పడింది. మేడిపల్లి దగ్గరి మా ఊరి దారిలో ఎవరో బస్సు తగలబెట్టడంతో, పరీక్షకు రెండు రోజుల ముందు బస్సులు బందయ్యాయి. ఇక దిక్కు ఆ బండే. నడుమ పోలీసుల చెక్‌పోస్టు ఉండేది. అక్కడ ఇంజన్ ఆపి, బండిని నెట్టుకుంటూ వెళ్లి, తనిఖీ అయ్యాక మళ్లీ స్టార్ట్ చేయాలి. స్టార్ట్ కాకపోతే నా ఏడాది పోయినట్టే. ఆదివారం ఉదయం నుంచి నాయిన కిక్ కొడుతూనే ఉన్నాడు.

సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మా మేనమామ మమ్మల్ని చూడవచ్చి, బస్సుల్లేక మా ఇంట్లోనే చిక్కుకుపోయాడు. మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి, చివరికి నాయిన చేతిలోని స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. కార్బురేటర్ విప్పి, అడుగు గిన్నెలో పేరుకున్న మడ్డి కడిగాడు. పెట్రోలు వెళ్లే జెట్ మూసుకుపోయి ఉంది. తీగ పెడితే రంధ్రం పెద్దదవుతుందని, జెట్‌ను పెట్రోల్లో నానబెట్టి, నా జడలోని వెంట్రుకతో శుభ్రం చేశాడు. అతుకు దగ్గర పెట్రోలు కారకుండా ఆపే గాస్కెట్ చిరిగితే, దాని స్థానంలో నా నోటుబుక్కు అట్టను కొలతకు కత్తిరించి పెట్టాడు. గాలి స్క్రూను మెల్లగా చివరిదాకా మూసి, ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పాడు. ఇంజన్ వేడెక్కాక రెండో స్క్రూను సరిచేశాడు. చప్పుడు నిలకడగా కుదిరింది.

అప్పుడు తన సంచిలోంచి ఒక స్క్రూ, చిన్న స్ప్రింగ్ తీసి, కార్బురేటర్ పక్కనున్న ఇనుప పట్టీలోని ఖాళీ రంధ్రంలో బిగించాడు.

"బావా, ఇగ ఆ రెండింటిని ముట్టకు. ఏమన్న తేడా అస్తె గీ మూడోదాన్ని జర తిప్పు."

"గదే నేను మొదటిసంది అంటున్న," అన్నాడు నాయిన. "సన్నగ తిప్పేదొకటి లేకనే గిట్లయింది."

ఆయన చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాక, అది దేనికి తగిలి ఉందని మామను అడిగాను.

"దేనికీ తగల్లేదు బిడ్డా. మీ నాయిన చేతికి పని."

"అబద్దం కద మామా?"

"అబద్దమే. పరీక్షైనంక నువ్వే చెప్పు."

మరునాడు దారిలో నాయిన రెండుసార్లు బండి ఆపి ఆ మూడో స్క్రూను తిప్పాడు. నాకు ఒళ్లు మండింది. చెక్‌పోస్టులో తనిఖీ అయ్యాక, ఎంతో గంభీరంగా ఇంకో పావు చుట్టు తిప్పి, కిక్ కొట్టాడు. ఒక్క దెబ్బకే స్టార్టయింది. గంట కొట్టడానికి పది నిమిషాల ముందే బడి చేరాము.

పరీక్ష రాసి బయటికి వస్తున్నప్పుడు, చెప్పాల్సిన మాట నా నాలుక మీద సిద్ధంగా ఉంది. గేటు దగ్గర నాయిన, ముక్కూమొహం తెలియని మరో తండ్రిని బండి పక్కన కూర్చోబెట్టుకుని ఆ స్క్రూ చూపిస్తున్నాడు. "మా బిడ్డ పరీక్ష గీ పావు చుట్టుతోనే గట్టెక్కింది," అంటున్నాడు. నేను మాట మింగి బండెక్కాను.

తర్వాత నేను యంత్రాల చదువే చదివాను, యంత్రాల మధ్యనే ఉద్యోగం చేశాను. కొలత తప్పితే ఎంతటివారినైనా నిలబెట్టి దిద్దాను. అది పనికి అవసరం. నాయినకు మాత్రం ఆ స్క్రూ సంగతి ఆయన పోయేదాకా చెప్పలేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా దిద్దబోయే ముందు, వాళ్ల తప్పు వల్ల ఏదైనా నిజంగా ఆగిపోతోందా అని చూసుకుంటాను. ఆగకపోతే నోరు మూసుకుంటాను. ఒళ్లు మాత్రం ఇప్పటికీ మండుతుంది.