దగ్గు ఉంది, పాట ఉంది, మాట లేదు

మనిషికి మాటనిచ్చిన శ్రీరాముడికి స్తోత్రం. ఆయన ఇచ్చినదాన్ని ఏ కాగితమూ కొట్టేయలేదు.

ఆగస్టు, ఉదయం 5:40. వరద సహాయ డ్యూటీకి మా సైనిక దళం భుయ్యాడీహ్ బస్తీలోని బడిలో దిగింది. సువర్ణరేఖ నది ఇళ్లలోకి వచ్చేసింది. మా దగ్గర రెండు పడవలు, నాలుగు తాళ్లు, ఒడ్డున ఒకటి, పడవకొకటి వైర్‌లెస్ సెట్లు, ఒక మందుల పెట్టె. పెట్టె నాది, నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని. ఒడ్డు సెట్టు మా ఆపరేటర్‌ది. టెక్కలి మనిషి. నోరు ఊరుకోదు.

"అన్నయ్యా, ఈ డబ్బా ఏటి పన్జేత్తది! మాయమ్మ గుమ్మంలో కేకేత్తే ఇక్కడికినబడతది."

మూడో రోజు 14:20. మా సుబేదార్ సాబ్ ఆజ్ఞను ఆపరేటరే సెట్టులో పడవకు చెప్పాడు: "బాయే మోడో." పడవ ఎడమకు తిరిగింది. నీటి కింద గోడ ఉంది. దానికి తగిలి పడవ బోల్తా పడింది. అందులో ఉన్న ఒక ముసలమ్మ దొరకలేదు.

ఆ సాయంత్రానికి ఆపరేటర్‌కు మాట పోయింది. టార్చి వేసి చూశాను. గొంతులో ఎరుపు లేదు, వాపు లేదు. దగ్గమంటే ఖంగుమని దగ్గాడు.

"ఏటైందిరా? సెప్పు."

అతని పెదాలే కదిలాయి.

శనివారం 18:30. బడి పక్క గల్లీలో తెలుగువాళ్ల భజనకు అతన్ని తీసుకెళ్లాను. అందరూ రామనామం ఎత్తుకున్నారు. నా పక్కనుంచి అతని గొంతు లేచింది, స్పష్టంగా.

తాళాలు వేస్తున్న పెద్దాయన నవ్వాడు. "ఓర్నీ! మూగోడన్నారు, మమ్మల్నే మించిపోతన్నాడు!"

భజన ఆగింది. అతని గొంతూ ఆగింది. దేవుడి మహిమ అంటూ సుబేదార్ సాబ్ దగ్గరికి పరుగెత్తాను.

"గాతా హై, బోల్తా నహీ? నాటక్ హై!"

పాడతాడట, మాట్లాడడట, నాటకమట. డ్యూటీ ఎగ్గొట్టడానికి నటన అని ఆయన రిపోర్టు రాశారు. సాక్షి సంతకం అడిగారు. పాడటం చూశాను కదా అని పెట్టాను.

సోమవారం 09:00. మిలిటరీ డాక్టర్ వచ్చారు. గంటసేపు అతనితో కూర్చుని, రాయమని కాగితం ఇచ్చారు. అతను ఒక్క మాటే రాశాడు: బాయే.

డాక్టర్ నా వైపు తిరిగారు. "గొంతుకు దెబ్బ లేదు, అందుకే దగ్గు, పాట వచ్చాయి. మాట అతని వశంలో లేదు. ఇది నటన కాదు, జబ్బు. నయమయ్యేదే. నువ్వు దేనిమీద సంతకం చేశావ్?"

రిపోర్టు అప్పటికే పైకి వెళ్లిపోయింది. మూడు అర్జీలు పెట్టాను. ప్రతి జవాబూ నా సంతకాన్నే చూపించింది. జబ్బేనని డాక్టర్ రాసిన కాగితం వేరే దారిన వెళ్లింది. రెండూ ఒక బల్ల మీదికి రానేలేదు. అతన్ని కొలువులోంచి తీసేసి, ట్రక్కెక్కించి పంపించేశారు.

నేనూ రిటైరై అదే ఊళ్లో బర్మామైన్స్ పేటలో మా ఇంటికి వచ్చేశాను. కానీ ఆ ట్రక్కు నన్ను వదల్లేదు. అతను వెనక కూర్చున్నాడు. సెట్టు లేదు. ఖాళీ పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని, బొటనవేలితో లేని మీటను నొక్కుతున్నాడు, వదులుతున్నాడు. మళ్లీ నొక్కుతున్నాడు.

అతని మాట తిరిగి రావాలని, నా సంతకాన్ని స్వామి క్షమించాలని, నాతోపాటు ఒక్కసారి రామా అనండి. పైకి, వినబడేలా.