మేడం వీడ్కోలు, నా కొత్త లెన్సులు

నిన్న నా కండ్లే నా కొంప ముంచినాయి చూడండి! నవ్వకుండా వినాల మీరు.

మా ప్రిన్సిపాల్ సరోజ మేడంకు గుమ్మఘట్టలో మా బడి కొత్త బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఆ మాట తెలిసిన రోజు మా ఉరవకొండ స్టాఫ్‌రూములో మైసూర్‌పాక్ పంచుకున్నాం. తప్పే, ఒప్పుకుంటా. కానీ ఆరేండ్లప్పా! నిమిషం లేటయితే హాఫ్ డే లీవు, సంతకం మరిస్తే మెమో. ఆమె చెప్పుల సప్పుడు వింటేనే నా చేతిలో చాక్‌పీసు జారిపోయేది.

వీడ్కోలు ఫోటోల్లో బాగా పడాలని అనంతపురం పోయి కాంటాక్ట్ లెన్సులు కొన్నా. నావేమో పొడి కండ్లు. షాపులో పాప నిదానంగానే చెప్పింది. "అక్కా, ఇది నీళ్లు తక్కువుండే రకం. గాలి బాగా ఆడతాది, మీకు ఇదే సుఖం. అదేమో నీళ్లు ఎక్కువుండే రకం, మెత్తగుంటాది గానీ..."

ఆ 'గానీ' దాకా ఎవరు విన్నారు! నీళ్లు ఎక్కువంటే ఈ కరువు జిల్లాలో పుట్టినోళ్లు వద్దంటారా? "అదే ఇయ్యమ్మా" అన్నా.

ఆ 'గానీ' ఏందో నిన్న వీడ్కోలు సభలో తెలిసొచ్చింది. ఆ లెన్సు ఆరిపోయేకొద్దీ మన కంట్లో తడి లాక్కుంటాదంట. పక్క చేన్లో లోతుగా బోరేస్తే మన బోరు ఎండిపోతాది చూడండి, అట్ల. పైగా ఆషాఢం గాలి. షామియానా ఎగురుతాండాది, గ్రౌండులో దుమ్మంతా నా మొగానికే.

స్టాఫ్ తరపున ఎవరు మాట్లాడాలని చీటీలేస్తే నా పేరే వచ్చింది, నా ఖర్మ! మైకు పట్టుకుని "మేడం గారూ..." అన్నానో లేదో, అంతసేపూ ఎండి మంటెత్తిన కండ్లు ఒక్కసారిగా ధార కట్టినాయి. రెప్ప వేస్తే గీసుకుంటాది, వేయకపోతే మండుతాది. "మీరు... పోతాంటే..." అని ఆగిపోయినా. గొంతులో దుమ్ము!

పక్కనున్న తెలుగు టీచర్ కళావతి నన్ను గిల్లింది. "ఏమ్మే, నిజంగానే ఏడుస్తాండావా?"

"లెన్సు కళావతీ, లెన్సు!" అని గొణిగినా.

అంతలో మేడం లేచొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నేండ్ల సర్వీసులో నాకోసం ఏడ్చినోళ్లు లేరమ్మా. నన్ను చూస్తే అందరూ తప్పుకునేటోళ్లే. నాకు తెలీదా?" అన్నారు. నాకు ఆ మైసూర్‌పాక్ గుర్తొచ్చి భలే సిగ్గేసింది. ఇంక లెన్సు సంగతి ఏ నోటితో చెప్పేది?

మేడం మైకు తీసుకున్నారు. "నా వెంట ఒక టీచర్ను తీసుకపోమన్నారు మేనేజ్‌మెంటోళ్లు. ఎవరొస్తారులే అని ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు అడిగే పనే లేదు. ఈయమ్మ వస్తాది!"

ఒకటే చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది కళావతే. నా ఇల్లు, పిల్లల బడి, మా ఆయన అంగడి అన్నీ ఈడనే ఉండాయి. గుమ్మఘట్టకు రోజూ బస్సులు మారి పోవాల. "లేదు మేడం" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మొగంలో ఆ సంతోషం చూసి మింగేసినా.

అప్పుడొచ్చింది నాకు అసలైన ఏడుపు, లెన్సుతో పనిలేకుండా! వెక్కి వెక్కి ఏడ్చినా. మేడం కొంగుతో నా కండ్లు తుడిచి, "సంతోషం పట్టలేకపోతాండావు, ఊరుకో తల్లీ" అన్నారు.