సైకిల్ మామ షట్టరెత్తిన రోజు

పోయిన మంగళవారం రెండో పీరియడ్‌లో ఉండగా తమ్ముడి ఫోన్ వచ్చింది. నేను మొగుళ్లపల్లి దగ్గర ఒక బడిలో టీచర్ని. పిల్లల ముందు ఫోన్ ఎత్తనని వాడికి తెలుసు. మూడోసారి కూడా మోగేసరికి వరండాలోకి వచ్చి కసురుకుంటూ ఎత్తాను. "అక్కా, తొర్రూరు సైకిల్ మామ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి గట్లనే గోడకు ఒరిగిండట, గంతే. కొడుకు జనగామ నుంచి వస్తున్నడు. పొద్దుమీకి శవం తీస్తరట" అన్నాడు. తరగతిలోకి వెళ్లి బోర్డు మీద సగంలో ఉన్న లెక్క తుడిచేశాను. సెలవు చీటీ రాసిస్తుంటే హెడ్మాస్టరు గారు "ఎవరమ్మా, దగ్గరివాళ్లా?" అని అడిగారు. ఏం చెప్పను? మా కులం కాదు, మా తండా కాదు, మా ఇంట్లో ఒక్క పెళ్లికీ వచ్చినవాడు కాదు. "మా మామ సార్" అన్నాను.

తొర్రూరులో సగం ఊరికి ఆయన మామే. ఆయనది ఒక్క షట్టరున్న చిన్న సైకిల్ షాపు. లోపల ముగ్గురు నిలబడితే నాలుగోవాడు రోడ్డు మీద ఉండాల్సిందే. చక్రాన్ని స్టాండుకు బిగించి, గోటితో ఒక్కొక్క స్పోకు పుల్లనూ మీటుతూ చెవి దగ్గర పెట్టి వినేవాడు. "ఇంటున్నవా? గిది ఏడుస్తున్నది" అని ఆ పుల్లను కాస్త బిగించేవాడు. నాకు అన్ని పుల్లలూ ఒకేలా వినిపించేవి. చేతులు ఖాళీగా ఉంటే ఆయనకు మాట వచ్చేది కాదు. పానా పట్టుకుంటే మాత్రం ఆగేవాడు కాదు. చాయ్ వస్తే కప్పు ఎదుటివాళ్లకు ఇచ్చి, సాసర్‌లో పోసుకున్నది తను తాగేవాడు.

కొత్త సైకిల్ కొన్నవాళ్లకు ఆయన దగ్గర ఒక పరీక్ష ఉండేది. బిగించి ఉన్న బండిని మళ్లీ మొత్తం విప్పి, గ్రీజు పెట్టి, తన చేత్తో బిగించేవాడు. "కంపినోడు బిగించిండు. నేను బిగియ్యలె గద" అనేవాడు. ఆ తర్వాత దాని మీద బరువు కట్టి, బస్టాండు దాకా తానే తొక్కి వచ్చి అప్పుడు ఇచ్చేవాడు. "మామ దగ్గర కొత్తది కొంటే పాతది చేసి ఇస్తడు" అని జనం నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. పద్ధతి మాత్రం మార్చుకోలేదు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆయన షట్టరే అందరికంటే ముందు దిగేది. బందు పిలుపు ఉందంటే చాలు, పక్కనున్న చాయ్ హోటలాయన మీద పడేవాడు. "ఒక్కరోజు చాయ్ అమ్మకపోతే సస్తవానె? దింపు షట్టరు!" అని దగ్గరుండి దింపించేవాడు. అయితే గాలి పంపును గొలుసుతో షట్టరు బయట కట్టిపెట్టేవాడు, ఎవరికి కావాలంటే వాళ్లు కొట్టుకోవచ్చు. "గాలికి బందు లేదు" అనేవాడు. అంతకుమించి ఏ మినహాయింపూ ఉండేది కాదు.

నాకూ ఆయనకూ పరిచయమైంది గొడవతోనే. మా తండా నుంచి తొర్రూరుకు ఐదు కిలోమీటర్లు. నేను అప్పుడు డిగ్రీ అయిపోయి టీచర్ పరీక్షకు చదువుతున్నాను. ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న దాంతో సైకిల్ కొందామని ఆయన షాపుకు వెళ్లాను. ఆయన ఎవరికైనా ముందుగా ధర చెప్పడు, ఒక ప్రశ్న అడుగుతాడు. నన్నూ అడిగాడు.

"ఏం మోస్తది బిడ్డా?"

"నన్ను మోస్తది."

"నిన్ను ఏదైనా మోస్తది. ఎనుక ఏం కడ్తవ్?" అంటూ నల్లటి బరువు సైకిల్‌ను, దాని వెనకున్న వెడల్పాటి ఇనుప క్యారియర్‌ను చూపించాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది నషాళానికంటింది. తండా పిల్ల కనబడగానే గడ్డిమోపు గుర్తొచ్చిందన్నమాట! నా చేతిలో ఉన్న పుస్తకాల సంచి కనబడలేదన్నమాట! "నీ సైకిల్ నువ్వే ఉంచుకో మామా" అని వచ్చేశాను.

ఆ నెలలోనే పరీక్ష పని మీద హైదరాబాద్ వెళ్లి, అక్కడ ఆటల సామాన్లమ్మే పెద్ద దుకాణంలో అడుగుపెట్టాను. చల్లగా ఉంది. వరుసగా సైకిళ్లు, ఒక్కోదానికి ధర చీటీ. యూనిఫాం వేసుకున్న అమ్మాయి "ట్రై చేయండి మేడమ్" అంది. నన్ను అంతకుముందు ఎవరూ మేడమ్ అనలేదు. ఏ ఊరు, ఎవరి బిడ్డవు, ఏం కడతావు అని ఎవరూ అడగలేదు. దుకాణంలోనే ఒక చుట్టు తొక్కాను. గేర్ల సైకిల్, సన్నగా, తేలికగా ఉంది. కొనేశాను. దానికి క్యారియర్ లేదు, స్టాండు లేదు, బెల్లు కూడా లేదు. తొర్రూరు బజారులో "జరగుండ్రి, జరగుండ్రి" అని నేనే బెల్లులా అరుచుకుంటూ, కావాలని మామ షాపు ముందు నుంచి పోయేదాన్ని. ఆయన ఒకసారి తలెత్తి "మంచిగుంది బిడ్డా, తేలికగున్నది. ఎనుక బ్రేకు జర పట్టిచ్చుకో" అన్నాడు. వెక్కిరిస్తే ఎదురు చెప్పడానికి మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆయన వెక్కిరించలేదు. అందుకు ఇంకా ఒళ్లు మండింది.

తర్వాత తెలంగాణ కోసం పెద్ద సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. ఆటోలు ఒకరోజు తిరిగితే రెండు రోజులు లేవు. తండాలో ఉన్న రెండు మోటారుసైకిళ్లకు పెట్రోలు దొరకలేదు. సరిగ్గా అప్పుడే మా బాకు పత్తికట్టె కాల్లో దిగింది. మా లంబాడీ భాషలో నాన్నను బా అంటాం. ఆయనకు షుగర్. కుడి మడమ పక్కన పుండు పడి పాదం వాచింది. తొర్రూరులో డాక్టరు చూసి ఒక్క మాట చెప్పాడు: "రోజు మార్చి రోజు కట్టు మార్చాలె. కాలు కిందికి వేలాడనియ్యకు. అశ్రద్ధ చేస్తే వరంగల్ల కాలు తీసేస్తరు." మాకున్నది ఎకరన్నర చెలక భూమి. నాగలి పట్టేది ఆ ఒక్క మనిషే.

నా తేలిక సైకిల్ బయటికి తీశాను. ఎక్కించుకుందామంటే వెనక ఏమీ లేదు. బాను సీటు మీద కూర్చోబెట్టి, నేను పక్కన నడుస్తూ తోశాను. దమ్ము తీసుకుందామంటే స్టాండు లేదు. ఆగిన ప్రతిసారీ ఆయన్ను దింపి, బండిని నేల మీద పడుకోబెట్టి, మళ్లీ ఎక్కించాలి. కాలు దారి పొడుగునా వేలాడుతూనే ఉంది. తొర్రూరు చేరేసరికి కట్టు ఎర్రబడి, పాదం బూరెలా ఉబ్బింది. నేను ఏడుస్తూ తోశాను.

రోడ్డు పక్కన దీక్షల టెంటు ఉంది. ఆ రోజు దీక్షలో కూర్చున్నవాళ్లలో మామ ఒకడు, మెడలో పూలదండతో. మమ్మల్ని చూసి దండ తీసి పక్కన పెట్టి లేచాడు.

"ఏమైందే నాయక్ కాలుకు?"

బా చెప్పాడు. డాక్టరు మాటలు నేను చెప్పాను. మామ నా సైకిల్ వైపు ఒక్కసారి చూసి, జేబులోంచి తాళంచెవి తీశాడు. టెంటులో ఉన్న యువకుడొకడు ఊరుకోలేదు.

"మామా, పొద్దుగాల హోటలాయన షట్టరు దింపిచ్చింది నువ్వే గద? ఇప్పుడు నువ్వు ఎత్తుతవా?"

"నేనే దింపిచ్చిన. నాది నేనే ఎత్తుతున్న. తిట్టాలనుంటే తిట్టుండ్రి" అన్నాడు మామ. "తెలంగాణ వచ్చిన్నాడు ఈ నాయక్ రెండు కాళ్ల మీద నిలవడి సూడాలె. ఒంటి కాలు మీద నిలవెడ్తరా మీరు?"

నడి బజారులో, అందరూ చూస్తుండగా షట్టరు పైకి లేచింది. హోటలాయన దొరికిందే సందని "మామా, నేను గూడ పొయ్యి ముట్టియ్యనా?" అని అడిగాడు. "ముట్టిస్తే నీళ్లు పోస్త!" అన్నాడు మామ. టెంటంతా నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నా సైకిల్‌కు క్యారియర్ బిగించడం కుదరదన్నాడు. "దీని తప్పు కాదు బిడ్డా, గిది గందుకు పుట్టలె" అని, లోపలున్న తన నల్ల సైకిల్ తీశాడు. క్యారియర్ మీద గోనెసంచి మడిచి కట్టాడు. పక్కకు ఒక చెక్క బిగించాడు, బా తన కాలు చాపి దాని మీద పెట్టుకునేలా. నేను పానా అందిస్తున్నాను. చేతిలో పని ఉంది కాబట్టి ఆయనకు మాట వచ్చింది.

"ఆనాడు ఎందుకు కోపమైనవ్?"

"తండా పిల్లననేగా గడ్డిమోపు కడ్తదనుకున్నవ్?" అన్నాను.

ఆయన చేతులు ఆగాయి. నేను చూస్తుండగా పనిలో ఆయన చేతులు ఆగడం అదే మొదటిసారి. "అనుకున్న బిడ్డా. అబద్ధమెందుకు? అనుకున్న" అన్నాడు. మళ్లీ బోల్టు బిగించాడు. నన్ను అంతగా కదిలించిన క్షమాపణ మరొకటి లేదు, అందులో క్షమించమనే మాట లేకపోయినా.

బిగించడం అయ్యాక ఆ బండి నాకు వెంటనే ఇవ్వలేదు. దీక్షలో, ఖాళీ కడుపుతో ఉన్న మనిషి, బాను వెనక కూర్చోబెట్టుకుని ముందు తానే దవాఖాన దాకా తొక్కాడు. వెనకే ఉరుకుతూ నేను. తిరిగి వచ్చాక "ఇగ తీస్కపో. గుంతల కాడ దిగి నడిపియ్యి" అని చెప్పి, మళ్లీ దండ మెడలో వేసుకుని కూర్చున్నాడు. సమ్మె అయిపోయేదాకా రోజు మార్చి రోజు నేను మా నాన్నను ఆ బండి మీద తీసుకెళ్లాను. పుండు మెల్లగా మానింది. రెండు మూడేళ్ల దాకా బా కర్ర లేకుండా నడవలేదు. రాష్ట్రం వచ్చిందని తెలిసిన రోజు ఆ కర్రతోనే మామ షాపు ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదట. చాయ్ తాగారట.

ఆ తర్వాత మామ ప్రశ్న మారిందని తమ్ముడు చెప్పాడు. ఆడపిల్లలు ఎవరొచ్చినా "ఎంత దూరం పోతవ్ బిడ్డా?" అని అడిగేవాడట.

సైకిల్ ఎక్కడ కొనాలి టీచర్, పెద్ద షోరూంలోనా, ఊళ్లోనా అని మా బడి పిల్లల తల్లులు నన్ను అడుగుతుంటారు. సూటిగా చెప్పలేను. ఆ పెద్ద దుకాణాన్ని నేను ఈ రోజుకీ తప్పు పట్టను. అక్కడ నేనెవరో ఎవరికీ అక్కర్లేదు, ఆ వయసులో నాకు కావలసింది అదే. మామ దగ్గర నేనెవరో ఆయనకు కావాలి. అది ఒకసారి నా మనసును గాయపరిచింది, ఒకసారి మా ఇంటిని కాచింది. నా కూతురికి హనుమకొండలో పెద్ద షోరూంలోనే కొన్నాను. కొని నేరుగా మామ దగ్గరికే తీసుకెళ్లాను. "మంచిదే కొన్నవ్. జర ఇప్పి సూస్త" అని మొత్తం విప్పి కూర్చున్నాడు. అదే నేను ఆయన్ను చూడటం ఆఖరు. మళ్లీ వెళ్లాల్సింది. వెళ్లలేదు. సెలవుల్లో వెళ్దాంలే అనుకున్నాను.

మంగళవారం మూడు బస్సులు మారాను. తొర్రూరు ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన నడుస్తూ బా కనిపించాడు. బస్సు ఆపించి దిగి ఉరికాను. తమ్ముడు ఆటో మాట్లాడాడు కదా, రాలేదా అని అడిగాను.

"వచ్చింది. వాపసు పంపిన" అన్నాడు మా భాషలో. "ఆయన దగ్గరికి ఆటో ఎక్కి పోతనా? నడిచే పోత."

కర్ర వెంట ఉంది, నేలకు ఆనించలేదు. చంకలో పెట్టుకున్నాడు. పక్కన నడుద్దామని చేయి పట్టుకోబోతే విడిపించుకుని ముందుకు సాగాడు. నేను వెనకే ఉండిపోయాను. ఎండలో, తారు రోడ్డు మీద, ఆ కుడి కాలినే చూస్తూ నడిచాను. మడమ ఆనుతోంది, వేళ్లు లేస్తున్నాయి, మళ్లీ మడమ ఆనుతోంది.