రెండు కోటిపల్లి బస్టాండ్లు

రాజమండ్రిలో, గోదావరి గట్టుకు దగ్గరగా, కోటిపల్లి బస్టాండు అనే సెంటరు ఉంది. ఒకప్పుడు కోటిపల్లి బస్సులు అక్కణ్ణించే బయల్దేరేవని చెబుతారు. తొంభైల మధ్యలో నేను పత్రికలో చేరి ఆ పక్క సందులో గది తీసుకునే నాటికి, కోటిపల్లి వెళ్ళాలంటే ఊరవతల ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కాలి. ఆ బస్సు మోరంపూడి మీదుగా అటునుంచి అటే పోయేది. ఇందులో వింతేమీ ఊళ్ళోవాళ్ళకు కనిపించదు. మా అక్క వచ్చే దాకా నాకూ కనిపించలేదు.

అక్క బీఎడ్ చదివింది. అన్నవరంలో కాపురం. బావగారు పనిచేసే మిల్లు మూతపడి ఆరు నెలలైంది. మా సెంటర్లోని ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు కావాలంటే అక్క సంగతి చెప్పాను. శనివారం పన్నెండు లోపు తీసుకురమ్మన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు. ఆ ఉద్యోగం దొరికితే అందరూ రాజమండ్రి వచ్చేద్దామని అక్కావాళ్ళు అప్పటికే అనేసుకున్నారు.

ఫోన్లో నేను అక్కకు చెప్పింది ఇంతే. కాంప్లెక్సులో దిగి సిటీ బస్సెక్కు, కోటిపల్లి బస్టాండులో దిగు, నేనక్కడే ఉంటాను.

తొమ్మిదికే వెళ్ళి నిలబడ్డాను. సిటీ బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. దిగినవాళ్ళలో అక్క లేదు. పది దాటింది. పదకొండు కూడా దాటాక ఎస్టీడీ బూతులోంచి ఆఫీసుకు ఫోన్ చేశాను. తోటి సబ్ఎడిటరు తీశాడు.

"ఇప్పుడే మీ అక్కగారు చేశారండి. కోటిపల్లి బస్టాండులోనే ఉన్నారట. మీరే కనబడటం లేదంటున్నారు."

బయటికొచ్చి సెంటరంతా తిరిగాను. టీకొట్టు వెనక్కి, మందుల షాపు మెట్ల మీదికి, గట్టు దాకా వెళ్ళి చూశాను. మళ్ళీ ఫోన్ చేశాను. ఆవిడ మళ్ళీ చేశారని, అక్కణ్ణించి కదలలేదన్నారని చెప్పాడు. నేనూ కదలలేదన్నాను.

"ఇద్దరూ ఒక్కచోటే ఉండి కనబడకపోవడమేంటండీ" అన్నాడతను. "గోదావరి కూడా కనిపిస్తోందన్నారు."

నాకూ కనిపిస్తూనే ఉంది. మూడేళ్ళుగా రోజూ బస్సెక్కే చోటు మీద నాకే అనుమానం వచ్చింది. అరటిపళ్ళ బండి అతన్ని, ఇది కోటిపల్లి బస్టాండేనా అని అడిగాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్నటిదాకా ఇదేనండి. రాత్రికి రాత్రి మార్చుంటే మీ పేపర్లోనే రావాలి కదండీ."

మూడోసారి ఫోన్ చేసేసరికి పన్నెండుకు పది నిమిషాలుంది. సబ్ఎడిటరు ఈసారి అక్కను గుర్తులన్నీ అడిగి రాసిపెట్టుకున్నాడు. గుడి ఉంది, రేవు ఉంది, జనం ముక్తేశ్వరం వెళ్ళే పంటు ఎక్కుతున్నారు.

గోదావరి దాటించే ఆ పంటు ఒక్క కోటిపల్లి రేవులోనే ఉంది. అక్క అసలు కోటిపల్లిలో, ఆ ఊరి బస్టాండులో, నాకోసం నిలబడి ఉంది. రెండు గంటల దూరం. మళ్ళీ ఫోన్ చేస్తే వెంటనే కాంప్లెక్సుకు బస్సెక్కమని చెప్పమన్నాను.

స్కూలుకు పరిగెత్తాను. వరండాలో ఒకావిడ ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చుని ఉంది. అక్కగారు ఎక్కడున్నారని హెడ్మిస్ట్రెస్‌గారు అడిగారు.

"కోటిపల్లి బస్టాండులో ఉన్నారండి" అనేశాను.

హెడ్మిస్ట్రెస్‌గారు కిటికీలోంచి సెంటరు వైపు చూశారు. "అయితే ఇంకేంటండి, రమ్మనండి."

జరిగింది చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టినా కోటిపల్లి బస్టాండు దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఆవిడ ఓపిగ్గానే విన్నారు. నమ్మారనే అనుకుంటాను. సోమవారం నుంచి క్లాసులు నడవాలి కదా అన్నారు. ఒంటిగంట దాకా చూసి, వరండాలో ఆవిణ్ణి లోపలికి పిలిచారు.

అక్క మూడున్నరకు వచ్చింది. వెళ్ళి కాంప్లెక్సులోనే కలిశాను. పోస్టు పోయిందని చెప్పాను. అక్క జరిగింది నెమ్మదిగా చెప్పింది. కండక్టరు కోటిపల్లి, కోటిపల్లి అని పిలుస్తుంటే, కోటిపల్లి బస్టాండుకేనా అని అడిగే ఎక్కిందట. బస్టాండులోనే ఆపుతామమ్మా అన్నాడట. తెల్లవారుజామున బయల్దేరిన నిద్ర, కోటిపల్లి వస్తే లేపమని పక్కావిడకు చెప్పి పడుకుందట. ఆవిడ లేపింది.

"నువ్వు చెప్పినచోటే దిగాను కదరా. నేనేం తప్పు చేశాను?"

ఆలోచించాను. అక్క అడిగే ఎక్కింది. కండక్టరు ఉన్నదే చెప్పాడు. పక్కావిడ సరిగ్గానే లేపింది. నేను నాలుగు మాటల్లో దారి చెప్పాను, అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. రోజూ పదిమంది రాసిన వార్తలు దిద్దేవాణ్ణి, ఆ వాక్యంలో ఏది దిద్దాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సాయంత్రం అన్నవరం బస్సు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్క మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ తీసేసి, కండక్టరును అడిగింది.

"ఇది అన్నవరం బస్టాండుకు వెళ్తుందా అండీ, అన్నవరం వెళ్తుందా?"

కండక్టరు నా వైపు చూశాడు. నేను అక్క వైపు చూశాను. అక్క నవ్వడం లేదు. అతను ఏం చెబుతాడా అని చూస్తోంది.