నలభై అడుగుల తీగ: ఆళ్లగడ్డలో గిటార్ కుదిరిన రోజు

ఊరూరా ప్రార్థనా కూటాల్లో గిటార్ వాయించేవారు ఇప్పటికీ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఇంట్లో పలికినట్టు సభలో ఎందుకు పలకదు? దానికి జవాబు నాకు ఎనభైల మధ్యలో, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లిన ఒక శనివారం దొరికింది. అప్పట్లో నంద్యాలలో నాకు యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం ఉండేది. ఆళ్లగడ్డ బడిపంతులు యేసురత్నం గారి గిటార్‌కు తీగల కంపనాన్ని పట్టే పికప్ అంటించి, దాని బలహీనమైన ధ్వనిని పెంచేందుకు బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె, ప్రీయాంప్ పెడల్ ఒకటి తయారుచేసి ఇచ్చాను. దుకాణంలో అది చక్కగా పలికింది. కూటాల్లో మాత్రం ఒకసారి మందంగా, ఒకసారి జుమ్మంటూ, చివరికి చెవులు చిల్లులు పడేలా కూత పెట్టింది. ఇంకొక్కసారి కూస్తే హార్మోనియం ఒక్కటే ఉంటుందని సంఘపెద్ద దేవదానం గారు తేల్చిచెప్పినట్టు యేసురత్నం గారు ఉత్తరం రాశారు. ఆ శనివారమే మళ్లీ కూటం.

ఉదయం తొమ్మిదిన్నరకు బస్సెక్కాను. టికెట్టు నాలుగు రూపాయల చిల్లర. శిరివెళ్ల మీదుగా గంటంబావు ప్రయాణం. దిగాక బస్టాండు ఎదుటి హోటల్లో ఉగ్గాని, బజ్జీ తింటూ యేసురత్నం గారి ఇంటికి దారి అడిగాను.

"గిటార్ సారు కోసం వచ్చినావా?" అన్నాడు వంటాయన, బాణలి మీంచి చూపు తిప్పకుండా. "పోయినసారి ఆ కూతకు మా బర్రె పలుపు తెంపుకొని పాయ. పొద్దుగూకేదాకా ఎతుక్కుంటి."

ఆ పెట్టె చేసింది నేనేనని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

యేసురత్నం గారి ఇంట్లో పెడల్ విప్పి ప్రతి అతుకూ పరిశీలించాను. దోషం కనబడలేదు. రెండు గంటలకు చర్చి ఆవరణకు వెళ్లాం. మైక్ సెట్ అద్దెకిచ్చే మద్దిలేటి తన టేబుల్‌ను గేటు పక్కన వేసుకున్నాడు. యాంప్లిఫయర్‌తో పాటు నా పెడల్‌ను కూడా దాని మీదే పెట్టించాడు. పెట్టె ఏదైనా టేబుల్ మీదే ఉండాలన్నది అతని నియమం. గిటార్ నుంచి అక్కడిదాకా నలభై అడుగుల తీగ, లైటుకు వెళ్లే కరెంటు తీగతో మెలిపడి ఉంది. దుకాణంలో నేను వాడిన తీగ మూడడుగులు. తప్పు అప్పుడు తెలిసింది. బలం పుంజుకోకముందే ధ్వని అంత దూరం నడిచి పదును పోగొట్టుకుంటోంది, కరెంటు జుమ్మును మూటగట్టుకుంటోంది. ఆ లోటు కప్పడానికి మద్దిలేటి శబ్దం పెంచుతున్నాడు, అందుకే కూత. టేబుల్ దూరం ప్రతి చోటా మారుతుంది కనుక ధ్వనీ మారుతోంది. పెడల్ ఎక్కడ ఉంచాలో నేనే ఎవరికీ చెప్పలేదు.

"అన్నా, ఆ పెట్టెను సారు కాళ్లకాడ పెడదాం," అన్నాను.

"కుదరదప్పా. ఆడ పెట్టినాక కూస్తే తిట్లు తినేది నేను. నువ్వు బస్సెక్కి పోతావ్."

అతని మాటలో న్యాయం ఉంది. "శబ్దం ఎంతుండాలనేది నీ చేతిలోనే ఉంటుంది. దీని మీద నాబ్‌లు ఒకచోట నిలిపి టేపు వేస్తా, ఎవరూ తిప్పరు."

మద్దిలేటి టేబుల్ మీంచి పెడల్ తీసి నాకిస్తూ, "ఒక్క పాట సూస్తా. కూసిందంటే తీగ పీకేస్తా," అన్నాడు.

పెడల్‌ను యేసురత్నం గారి కాళ్ల దగ్గర పెట్టి పొట్టి తీగతో గిటార్‌కు కలిపి, నలభై అడుగుల తీగను దాని తర్వాత తగిలించి, కరెంటు తీగను విడదీశాం. జనం కూర్చునే చివరి చాప దగ్గర నిలబడి విని, నాబ్‌లు సరిచేయించి, టేపు వేశాను. నాలుగింటికి కూటం మొదలైంది. దేవదానం గారు ముందు కుర్చీలో కూర్చున్నారు. యేసురత్నం గారు అరచేతులు పంచెకు తుడుచుకొని మొదటి స్వరం మీటారు. ఏ తీగకు ఆ తీగ విడిగా వినిపించింది. రెండో చరణానికి మద్దిలేటి, ఎవరూ చెప్పకుండానే, ఇక పెంచే పని లేదని శబ్దం సగానికి తగ్గించాడు.

కూటం ముగిశాక దేవదానం గారు వచ్చారు. "ఏంది సారూ, ఈ పొద్దు అది అరవనే లేదే?" అంటూనే, "రేపు పొద్దున ఆరాధనకు గూడా తెచ్చుకో," అన్నారు. యేసురత్నం గారు గిటార్ ఒళ్లో పెట్టుకొని చర్చి మెట్టు మీద కూర్చుండిపోయారు.

ఆరింటి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గాని నా భుజాలు సడలలేదు. ఉత్తరం అందిన నాటి నుంచి పెట్టెనే అనుమానించాను. అది ఏ చోట కూర్చుందో చూడాలని తోచలేదు. పనిముట్టు గుణం ఎంత ముఖ్యమో, దానికి మనం చూపే చోటు కూడా అంతే ముఖ్యమని ఆ ఊరు నేర్పింది. మీరు గిటార్‌తో బయలుదేరుతుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: గిటార్‌కూ ప్రీయాంప్‌కూ మధ్య ఐదడుగులు మించని తీగ ఒకటి సొంతంగా తీసుకెళ్లి, ప్రతి ఊళ్లోనూ దాన్నే వాడండి. మైక్ సెట్ ఎంత దూరంలో ఉన్నా, పొడవు తీగ ప్రీయాంప్ తర్వాతే మొదలుకావాలి.